సినిమా, మీడియా చదువులు - హలాల్ సంపాదన

ఇంటర్ ఫలితాలు వెలువడే రోజుల్లో ముస్లిం కుటుంబాల్లో ఒక చర్చ మొదలవుతుంది. అబ్బాయి ఇంజనీరింగ్‌లో చేరతానంటే తండ్రి ఫీజు గురించి ఆలోచిస్తాడు. అమ్మాయి ఫార్మసీ చదువుతానంటే కాలేజీ ఇంటికి ఎంత దూరమని అడుగుతాడు. అయితే పిల్లల్లో ఎవరైనా జర్నలిజం చదువుతామన్నా, ఫోటోగ్రఫీ, ఎడిటింగ్, యానిమేషన్, చిత్ర నిర్మాణం వంటి కోర్సుల్లో చేరతామన్నా ఇంట్లో వాతావరణమే మారిపోతుంది. "అది హరామ్ చదువు" అంటాడు తండ్రి. "మనవాళ్ళు ఎంతమంది టీవీల్లో, పేపర్లలో పనిచేయడం లేదు?" అని వాదిస్తాడు మేనమామ. తల్లి ఎటూ చెప్పలేక మౌనంగా ఉండిపోతుంది. చివరికి ఆ ప్రశ్న మస్జిద్ ఇమామ్ గారి దగ్గరికో, మదరసా ఉస్తాద్ దగ్గరికో చేరుతుంది.

ఈ ప్రశ్నకు సాధారణంగా రెండు జవాబులు వినిపిస్తుంటాయి. ఒకటి, "హరామ్, దాని జోలికి పోవద్దు" అనేది. రెండోది, "నియ్యత్ మంచిదైతే చాలు, ఏ చదువైనా ఫర్వాలేదు" అనేది. మొదటి జవాబు విన్న యువకుడు చాలాసార్లు చదువును వదలడు, అడగడం మానేస్తాడు. రెండో జవాబు విన్నవాడు మంచి సంకల్పాన్ని గొడుగులా పట్టుకుని ఏ వానలోకైనా దిగుతాడు. ఈ రెండు జవాబులూ అసంపూర్ణమైనవేనని మేము భావిస్తున్నాము. ఈ విషయంలో షరీఅత్ మనకు ఇచ్చిన మార్గదర్శకం ఇంతకంటే లోతైనది, ఇంతకంటే దయతో కూడినది కూడా.

హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) చూపిన దారి

సహీహ్ బుఖారీలో ఒక సంఘటన ఉంది. ఒక వ్యక్తి హజ్రత్ అబ్దుల్లాహ్ ఇబ్నె అబ్బాస్ (రజి) సన్నిధికి వచ్చి తన గోడు వెళ్ళబోసుకున్నాడు. తనది చేతిపని మీద బతుకు అని, బొమ్మలు గీయడమే తన జీవనాధారమని చెప్పుకున్నాడు. ఆయన అతనికి దైవప్రవక్త (స) నోట తాను విన్నదే వినిపించారు. ప్రాణుల రూపాలు చేసేవాడిని అల్లాహ్ శిక్షిస్తాడని, వాటిలో ప్రాణం పోయమని ఆదేశించడం జరుగుతుందని, అది అతని వల్ల ఎన్నటికీ కాదని తెలియజేశారు. ఆ మాట వినగానే అతను పెద్దగా నిట్టూర్చాడు. ముఖం పాలిపోయింది. అప్పుడు ఇబ్నె అబ్బాస్ (రజి) అతన్ని ఆ స్థితిలో వదిలి వెళ్ళిపోలేదు. ఈ పని తప్పదనుకుంటే చెట్లను, ప్రాణం లేని వస్తువులను గీసుకోమని దారి చూపించారు.

ఈ హదీసును మనం బొమ్మల నిషేధానికి రుజువుగా మాత్రమే చదువుతుంటాము. కానీ ఇది ఒక మనిషి తన ఉపాధి గురించి ధర్మవేత్త దగ్గరికి వచ్చి అడిగిన ప్రశ్న కూడా. ఇందులో మూడు పాఠాలున్నాయి. మొదటిది, ఆయన ధర్మాజ్ఞను దాచలేదు, పలుచన చేయలేదు. అడిగినవాడి బతుకుతెరువు పోతుందని జాలిపడి హదీసును మింగేయలేదు. రెండవది, అతని ముఖం పాలిపోవడాన్ని ఆయన గమనించారు. ఉపాధి పోతుందన్న బాధను తేలిగ్గా తీసుకోలేదు. మూడవది, ఆ మనిషి చేతిలోని నైపుణ్యాన్ని చంపేయమనలేదు. అదే నైపుణ్యానికి వేరే విషయాన్ని చూపించారు. చేయి అదే, పని అదే. గీసేది మాత్రం మారింది.

నేడు సినిమా, మీడియా చదువుల గురించి అడుగుతున్న యువతకు మనమిచ్చే జవాబులో ఈ మూడూ ఉండాలి. మనలో కొందరు మొదటిదాన్ని వదిలేస్తున్నారు. ఎక్కువమంది మూడోదాన్ని వదిలేస్తున్నారు. 'ఇది వద్దు' అన్న తర్వాత 'అయితే ఆ చెట్టు ఎక్కడుంది?' అని యువకుడు అడిగితే మన దగ్గర జవాబు ఉండటం లేదు.

కెమెరా విషయంలో ధర్మవేత్తల అభిప్రాయాలు

కెమెరాతో తీసే చిత్రం హదీసులో నిషేధించబడిన చిత్రం కిందకు వస్తుందా, రాదా అన్న విషయంలో గత శతాబ్దం నుండీ ధర్మవేత్తల మధ్య అభిప్రాయభేదం ఉంది. ఈజిప్టు ముఫ్తీగా పనిచేసిన షేఖ్ ముహమ్మద్ బఖీత్ అల్ ముతీఈ (రహ్మ) ఫోటో అంటే నీడను పట్టి నిలపడమే తప్ప అల్లాహ్ సృష్టికి పోటీగా రూపాన్ని చేయడం కాదని, కనుక అది సమ్మతమేనని గ్రంథం రాశారు. మన ఉపఖండంలో ముఫ్తీ ముహమ్మద్ షఫీ (రహ్మ) దీనికి భిన్నంగా, చేతితో చేసినా యంత్రంతో చేసినా ప్రాణి చిత్రం ప్రాణి చిత్రమేనని ఉర్దూలో సవివరంగా రాశారు. దేవ్‌బంద్ ఉలమాలో అధిక సంఖ్యాకుల మాట కూడా ఇదే. అయినా పాస్‌పోర్టు, గుర్తింపు కార్డు వంటి అవసరాలకు వారు అనుమతించారు. డిజిటల్ కెమెరాలు వచ్చాక, ఆయన కుమారుడైన ముఫ్తీ తఖీ ఉస్మానీ గారు తెరపై కనిపించే దృశ్యం కాగితం మీద స్థిరపడనంత వరకు దానికి నిషిద్ధ చిత్రం ఆదేశం వర్తించదని అభిప్రాయపడ్డారు. తండ్రీకొడుకులిద్దరూ హనఫీ ధర్మవేత్తలే, ఇద్దరూ అల్లాహ్‌కు భయపడేవారే. అయినా సాధనం మారినప్పుడు పరిశోధన మళ్ళీ అవసరమైంది.

కాబట్టి ఈ విషయంలో ఒక అభిప్రాయాన్ని అనుసరించేవారు మరో అభిప్రాయాన్ని అనుసరించేవారిని దుర్మార్గులుగా చూడరాదు. ఎవరికి వారు తాము నమ్మే ధర్మవేత్తను అడిగి నడుచుకోవాలి. అయితే ఒక్క విషయం గుర్తుంచుకోవాలి. అనుమతించిన వారు కూడా కెమెరాను మాత్రమే అనుమతించారు, కెమెరా ముందు జరిగే ప్రతిదాన్నీ కాదు. నగ్నత్వం, అశ్లీలం, ధర్మాన్ని అపహాస్యం చేయడం, అబద్ధాన్ని నిజంగా చూపించడం, ఒకరి పరువు తీయడం - వీటిని ఏ ధర్మవేత్తా, ఏ మజ్‌హబ్ వారూ అనుమతించలేదు. విశ్వాసుల మధ్య అశ్లీలం వ్యాపించాలని కోరుకునేవారికి ఇహపరాల్లో బాధాకరమైన శిక్ష ఉందని నూర్ సూరా 19వ ఆయత్ హెచ్చరిస్తోంది. కోరుకునేవారికే ఇంత హెచ్చరిక ఉంటే, దాన్ని తయారుచేసి ఇంటింటికీ చేర్చేవారి సంగతి ఏమిటో ఆలోచించండి.

సాధనం వేరు, పని వేరు

ఇక ఒక పాపకార్యంలో మనిషి భాగస్వామ్యం ఎంతవరకు అన్నది అసలు ప్రశ్న. "నేను సినిమా తీయలేదు, లైట్లు మాత్రమే పట్టుకున్నాను", "నేను వార్త రాయలేదు, వచ్చినదాన్ని ఎడిట్ చేశాను" అనే మాటలు మనం వింటుంటాము. పుణ్యకార్యాల్లో, భయభక్తుల్లో ఒకరికొకరు తోడ్పడమని, పాపంలో, దౌర్జన్యంలో తోడ్పడవద్దని మాయిదా సూరా 2వ ఆయత్ ఆజ్ఞాపించింది. మద్యం విషయంలో దైవప్రవక్త (స) తాగేవాడిని మాత్రమే కాదు, పిండేవాడిని, మోసేవాడిని, అమ్మేవాడిని, దాని సొమ్ము తినేవాడిని కూడా కలిపి పదిమందిని శపించారని తిర్మిజీ హదీసులో ఉంది. కాబట్టి 'నాది చిన్న పనే' అనడం వల్ల బాధ్యత తప్పదు.

అదే సమయంలో మన ఫిఖ్హ్ వేత్తలు ప్రతి దూరపు సంబంధాన్నీ పాపమని అనలేదు. మదరసాలలో బోధించే 'హిదాయా' గ్రంథంలో ఒక చర్చ ఉంది. ద్రాక్షరసాన్ని మద్యంగా మార్చే వ్యక్తికి ఆ రసం అమ్మవచ్చా అన్నది ప్రశ్న. ఇమామ్ అబూ హనీఫా (రహ్మ) అభిప్రాయంలో అది నిషిద్ధం కాదు, ఎందుకంటే పాపం ఆ రసంలో లేదు, దాన్ని మార్చిన తర్వాత వస్తుంది. ఆయన శిష్యులైన ఇమామ్ అబూ యూసుఫ్ (రహ్మ), ఇమామ్ ముహమ్మద్ (రహ్మ) దాన్ని ఇష్టపడలేదు. కానీ కల్లోల సమయంలో కల్లోలకారులకు ఆయుధం అమ్మే విషయానికి వచ్చేసరికి అనుమతి లేదు. అక్కడ అమ్మే వస్తువే నేరుగా హింసకు సాధనం.

ఈ కొలబద్ద మన ప్రశ్నకు ఎంతో ఉపయోగపడుతుంది. శబ్దాన్ని రికార్డు చేయడం, దృశ్యాలను కూర్చడం, కథను వరుసగా చెప్పడం, వార్తను సరిచూడటం - ఇవి నేర్చుకోవడం ద్రాక్షరసం లాంటిది. నేర్చుకున్న విద్యలో పాపం లేదు. దాంతో మద్యం తయారవుతుందా, ఆహారం తయారవుతుందా అన్నది తర్వాతి మాట. కానీ ఒక అశ్లీల గీతానికి కెమెరా పట్టడం, మత విద్వేషం రెచ్చగొట్టే కార్యక్రమానికి ఎడిటింగ్ చేయడం, మద్యం కంపెనీకో వడ్డీ వ్యాపారానికో ప్రకటన రాయడం ద్రాక్షరసం అమ్మకం కాదు. అది కల్లోలంలో కత్తి అందించడమే. అక్కడ పని చేస్తున్నప్పుడే పాపం మన చేతుల్లో ఉంటుంది.

కాబట్టి 'మీడియా ఉద్యోగం హలాలా, హరామా?' అని టోకుగా అడగడం సరికాదు. ఆ రంగంలో వందరకాల పనులున్నాయి. పాఠ్యాంశాల వీడియోలు తీసేవారున్నారు, వ్యవసాయ కార్యక్రమాలు రూపొందించేవారున్నారు, పత్రికలో సబ్ ఎడిటర్లు, అనువాదకులు ఉన్నారు. ఆస్పత్రుల కోసం, స్వచ్ఛంద సంస్థల కోసం డాక్యుమెంటరీలు తీసేవారున్నారు. యానిమేషన్‌లో యంత్రాల, భవనాల నమూనాలు చేసేవారున్నారు. ఐటమ్ సాంగ్ తీసేవారూ ఉన్నారు. ఒక్కొక్క పనినీ విడిగా తూకం వేయాలి. హలాల్ స్పష్టంగా ఉందని, హరామ్ కూడా స్పష్టంగా ఉందని, ఆ రెంటి మధ్య సందేహాస్పదమైనవి ఉన్నాయని, వాటికి దూరంగా ఉన్నవాడు తన ధర్మాన్నీ, పరువునూ కాపాడుకున్నాడని తెలిపే నోమాన్ బిన్ బషీర్ (రజి) గారి హదీసు మనకు తెలిసిందే. ఈ రంగంలో ఆ మధ్య ప్రాంతం చాలా విశాలమైనది. సంగీత వాద్యాల సంగతే తీసుకోండి. నాలుగు మజ్‌హబ్‌ల అధిక సంఖ్యాక ధర్మవేత్తలు వాటిని అనుమతించలేదు, ఇబ్నె హజ్మ్ (రహ్మ) వంటి కొందరు భిన్నంగా చెప్పారు. అలాంటి చోట ఏది సులువో కాకుండా, రేపు అల్లాహ్ ముందు ఏది చెప్పుకోగలమో దాన్ని ఎంచుకోవడమే విశ్వాసి లక్షణం.

నియ్యత్ ఒక్కటే చాలదు

"సినిమా ద్వారా ఇస్లాంను ప్రపంచానికి పరిచయం చేస్తాను" అని కొందరు యువకులు ఉత్సాహంగా అంటారు. కర్మలు సంకల్పాలను బట్టి ఉంటాయన్న హదీసును ముందుంచుతారు. ఈ హదీసు సమ్మతమైన పనికి విలువ పెంచుతుంది. నిషిద్ధమైన పనిని సమ్మతం చేయదు. దొంగసొమ్ముతో మస్జిద్ కడితే దొంగతనం పుణ్యం కాదు కదా!

ఈ సందర్భంలో ముస్తఫా అక్కాద్ జీవితం గురించి తెలుసుకోవడం మంచిది. ఆయన 1930లో సిరియాలోని హలబ్ (అలెప్పో) నగరంలో పుట్టారు. చిత్ర నిర్మాణం నేర్చుకోవడానికి యువకుడిగా అమెరికా వెళ్ళి లాస్ ఏంజెలిస్‌లో చదివారు. 1976లో 'ది మెసేజ్' అనే చిత్రాన్ని ఇంగ్లీషులో ఒకటి, అరబ్బీలో ఒకటి, వేర్వేరు నటులతో తీశారు. అందులో దైవప్రవక్త (స) రూపాన్ని గానీ, స్వరాన్ని గానీ చూపించలేదు, వినిపించలేదు. అయినా హజ్రత్ హమ్జా (రజి) వంటి సహాబాల పాత్రలను నటులు పోషించడంపై ధర్మవేత్తల నుండి తీవ్ర అభ్యంతరాలు వచ్చాయి. అవి సహేతుకమైనవి. అదే సమయంలో ఇస్లాం గురించి ఒక్క అక్షరం తెలియని లక్షలాది మందికి దాని తొలి రోజుల కథ ఆ చిత్రం ద్వారా చేరిందన్నదీ నిజమే. ఆ తర్వాత 1981లో ఇటలీ సామ్రాజ్యవాదులను ఎదిరించి 1931లో ఉరికంబమెక్కిన ఖుర్ఆన్ బోధకుడు ఉమర్ ముఖ్తార్ (రహ్మ) మీద ఆయన చిత్రం తీశారు.

అయితే ఆయనే 1978లో మొదలైన 'హాలోవీన్' అనే భయానక చిత్రాల వరుసకు నిర్మాతల్లో ఒకరు. కత్తి పట్టిన హంతకుడు ఒకరి తర్వాత ఒకరిని చంపుతూ పోయే కథలవి. అవి ఒకదాని వెనుక ఒకటి వస్తూనే పోయాయి. సుల్తాన్ సలాహుద్దీన్ అయ్యూబీ (రహ్మ) గురించి చిత్రం తీయాలన్న ఆయన కోరిక మాత్రం నిధులు సమకూరక నెరవేరలేదు. 2005 నవంబరులో జోర్డాన్ రాజధాని అమ్మాన్‌లో హోటళ్ళ మీద జరిగిన బాంబు దాడుల్లో ఆయన, ఆయన కుమార్తె ప్రాణాలు కోల్పోయారు. ఇస్లాం పేరు చెప్పుకునే వారే ఆ ఘాతుకానికి పాల్పడ్డారు.

ఆయన లెక్క అల్లాహ్ దగ్గర ఉంది. తీర్పు చెప్పడం మన పని కాదు. కానీ ఆయన జీవితం మనకు రెండు విషయాలు చెబుతోంది. ఒకే చదువు, ఒకే మనిషి, ఒకే చేతుల నుండి ఎంత భిన్నమైన పనులు వెలువడతాయో చెబుతోంది. సంకల్పం ఎంత మంచిదైనా, బజారు దేనికి డబ్బు చెల్లిస్తుందో చివరికి మనిషిని అటే లాగుతుందని కూడా చెబుతోంది. హంతకుడి కథకు దొరికిన సొమ్ము సలాహుద్దీన్ కథకు దొరకలేదు. పెళ్ళి పందిళ్ళకు లక్షలు పోసే మన సమాజం, మంచి చెప్పే ఒక చిన్న వీడియోకు వెయ్యి రూపాయలు ఇవ్వడానికి వెనుకాడినంత కాలం, మన పిల్లలు బజారుకు పోయారని నిందించే హక్కు మనకు ఎంత ఉందో ఆలోచించుకోవాలి.

వార్త ఒక అమానత్

సినిమా కంటే వార్తా రంగం విషయంలో ధర్మం మరింత స్పష్టంగా మాట్లాడింది. దుర్మార్గుడెవరైనా వార్త తెస్తే సరిచూసుకోమని, లేకపోతే తెలియక ఒక జాతికి హాని చేసి తర్వాత పశ్చాత్తాపపడవలసి వస్తుందని హుజురాత్ సూరా 6వ ఆయత్ హెచ్చరించింది. బనూ ముస్తలిఖ్ తెగవారు జకాత్ ఇవ్వడానికి నిరాకరించారని ఒక తప్పుడు కబురు మదీనాకు రావడం, యుద్ధం దాకా పరిస్థితి వెళ్ళడం ఈ ఆయత్‌కు సందర్భమని వ్యాఖ్యాతలు రాశారు. ఒక్క వార్త సరిచూడకపోతే రక్తం పారేది. విన్న ప్రతిదాన్నీ చెప్పుకుంటూ పోవడమే ఒక మనిషిని అబద్ధాలకోరు అనడానికి చాలునని ఇమామ్ ముస్లిం (రహ్మ) తన గ్రంథం పీఠికలోనే హదీసు ఉల్లేఖించారు. ముహద్దిసులు ఒక్కో ఉల్లేఖకుడి నిజాయితీని, జ్ఞాపకశక్తిని, అతను ఎవరిని కలిశాడో, ఎప్పుడు కలిశాడో వెతికి వెతికి రాసిపెట్టారు. వార్తను సరిచూసే శాస్త్రం ఈ ఉమ్మత్‌కు కొత్త కాదు.

సరిచూడని వార్త ఏం చేస్తుందో మనం 2020లో కళ్ళారా చూశాము. కరోనా మొదటి రోజుల్లో ఢిల్లీ నిజాముద్దీన్ మర్కజ్‌కు వచ్చిన తబ్లీగ్ సోదరులను రోగానికి కారకులుగా చూపిస్తూ ఎన్నో ఛానెళ్ళు రాత్రింబవళ్ళు ఊదరగొట్టాయి. వీధుల్లో కూరగాయలమ్మే పేద ముస్లింలు కూడా దాని ఫలితం అనుభవించారు. అదే సంవత్సరం ఆగస్టులో బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ ధర్మాసనం విదేశీ తబ్లీగ్ సభ్యులపై కేసులు కొట్టివేస్తూ, పత్రికల్లో, టీవీల్లో వారికి వ్యతిరేకంగా పెద్దయెత్తున ప్రచారం సాగిందని, వారిని బలిపశువులను చేశారని వ్యాఖ్యానించింది. ఆ తీర్పు వచ్చేసరికి జరగవలసిన హాని జరిగిపోయింది. ఆ రోజుల్లో మన ఇళ్ళలో మీడియాను తిట్టని వారు లేరు. కానీ ఆ గదుల్లో కూర్చుని "ఈ వార్తకు ఆధారమేమిటి?" అని అడగగల మనిషిని తయారుచేయడానికి మనం ఏం చేశామన్నది కూడా అడగాలి.

అయితే ముస్లిం విలేకరి పని ముస్లింలను వెనకేసుకు రావడం కాదు. తమకు, తమ తల్లిదండ్రులకు, బంధువులకు వ్యతిరేకంగా పోయినా సరే న్యాయం వైపు నిలబడి సాక్ష్యమివ్వమని నిసా సూరా 135వ ఆయత్ ఆదేశిస్తోంది. హైదరాబాద్‌లో 'ఇమ్రోజ్' ఉర్దూ పత్రిక సంపాదకుడు షోయబుల్లా ఖాన్ రజాకార్ల దౌర్జన్యాలకు వ్యతిరేకంగా కలమెత్తి 1948 ఆగస్టులో ప్రాణమిచ్చారు. అంతకు ముందు 'దిల్లీ ఉర్దూ అఖ్బార్' నడిపిన మౌల్వీ ముహమ్మద్ బాఖిర్‌ను 1857లో ఆంగ్లేయులు చంపారు. ఒకరు పాలకుల ఎదుట, మరొకరు తనవారమని చెప్పుకునేవారి ఎదుట నిజం రాశారు. మన కాలంలో దానిష్ సిద్దీఖీ ఢిల్లీలోని జామియా మిల్లియా ఇస్లామియాలో మాస్ కమ్యూనికేషన్ చదివి, రోహింగ్యా శరణార్థుల దుఃఖాన్ని లోకానికి చూపించారు. 2018లో పులిట్జర్ పురస్కారం పొందిన బృందంలో ఆయన ఒకరు. 2021 జులైలో అఫ్ఘానిస్తాన్‌లో విధి నిర్వహణలో మరణించారు. ఆయన్ను జామియా ఖబరస్తాన్‌లోనే ఖననం చేశారు. ఫోటో విషయంలో కఠిన అభిప్రాయం గలవారు సైతం పీడితుల పక్షాన సాక్ష్యం చెప్పడం గొప్ప బాధ్యత అన్నదాన్ని కాదనరు.

1920లో ఆ జామియాకు పునాది వేసినవారు దేవ్‌బంద్ మహా పండితుడు షేఖుల్ హింద్ మౌలానా మహ్మూద్ హసన్ (రహ్మ). అక్కడే 1982లో మాస్ కమ్యూనికేషన్ కేంద్రం ఏర్పడింది. మన హైదరాబాద్‌లో 1998లో ఏర్పడిన మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయంలో ఉర్దూ మాధ్యమంలోనే జర్నలిజం చదవవచ్చు. ఆ పేరుగల మౌలానా ఆజాద్ స్వయంగా 1912లో కలకత్తా నుండి 'అల్ హిలాల్' పత్రిక నడిపిన ఆలిమ్ అన్నది మరువరాదు.

చేరడానికి ముందు వేసుకోవలసిన ప్రశ్నలు

ఈ చదువులో చేరాలనుకునే సోదర సోదరీమణులు ముందుగా తమను తాము కొన్ని ప్రశ్నలు వేసుకోవాలి.

మొదటిది, ఫీజు ఎక్కడి నుండి వస్తుంది? ప్రైవేటు ఫిల్మ్ స్కూళ్ళలో లక్షల రూపాయల ఫీజులున్నాయి. హలాల్ సంపాదన కోసం చదివే చదువు వడ్డీ అప్పుతో మొదలైతే మొదటి మెట్టే జారినట్లు. పైగా అప్పు మెడ మీద ఉన్నవాడు ఏ పనినీ కాదనలేడు. ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో తక్కువ ఫీజుతో ఇవే విద్యలు నేర్పుతున్నారు.

రెండవది, చదువు పూర్తయ్యాక చేయబోయే పని ఏది? 'మీడియాలోకి వెళ్తాను' అనడం జవాబు కాదు. ఎడిటింగా, రిపోర్టింగా, అనువాదమా, విద్యా వీడియోలా అన్నది స్పష్టంగా ఉండాలి. హైదరాబాద్ కృష్ణానగర్‌లో అవకాశాల కోసం గదుల్లో ఏళ్ళ తరబడి ఎదురుచూసే వేలాది యువకుల్లో చాలామందికి ఈ స్పష్టత లేకనే బతుకు చేజారిపోయింది.

మూడవది, నమాజు సంగతేమిటి? షూటింగ్ ఆగదు, న్యూస్ రూమ్ ఆగదు అంటారు. ఆగనవసరం లేదు. పది నిమిషాలు మనం ఆగితే చాలు. ఆ పది నిమిషాలు కూడా అడగలేని చోట రేపు "ఈ అబద్ధం నేను రాయను" అని ఎలా చెప్పగలం?

నాలుగవది, కాదని చెప్పవలసిన రోజు వస్తే బతకడానికి రెండో దారి ఉందా? మా ఉద్దేశంలో ఇది అన్నింటికంటే ముఖ్యమైన ప్రశ్న. హరామ్ పని మొదటి రోజే ఎదురుకాదు. ఇల్లు అద్దెకు తీసుకుని, పెళ్ళయి, పిల్లల ఫీజులు మొదలయ్యాక ఒకనాడు ఎదురవుతుంది. ఆనాడు నిలబడటానికి ఈమాన్‌తో పాటు చేతిలో మరో పని కూడా ఉండాలి. అనువాదం, బోధన, శబ్ద సాంకేతిక విద్య, చిన్న వ్యాపారం ఏదైనా సరే. తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషు మూడూ చక్కగా వచ్చినవారికి అనువాద రంగంలో పని దొరుకుతుంది. అల్లాహ్‌కు భయపడేవాడికి ఆయన దారి చూపుతాడని, ఊహించని చోటు నుండి ఉపాధి ప్రసాదిస్తాడని తలాఖ్ సూరాలో వాగ్దానం ఉంది. ఆ వాగ్దానాన్ని నమ్మేవాడు తన వంతు ఏర్పాటు కూడా చేసుకుంటాడు.

ఆడపిల్లల విషయంలో తల్లిదండ్రుల ఆందోళన సహజమైనది. వేళాపాళా లేని పని, పరపురుషులతో కలిసి దూర ప్రయాణాలు, అలంకరించుకుని తెరపై కనిపించమనే ఒత్తిడి - వీటి విషయంలో హిజాబ్ ఆదేశాలను సడలించే హక్కు మనకు లేదు. కానీ రచన, అనువాదం, ఎడిటింగ్, పిల్లల కోసం విద్యా కార్యక్రమాల రూపకల్పన వంటివి మర్యాదతో, పరదాతో చేయగల పనులే. విశ్వాసుల మాత హజ్రత్ ఆయిషా (రజి) పరదా వెనుక నుండే రెండువేలకు పైగా హదీసులను ఉమ్మత్‌కు అందించారు. పెద్ద పెద్ద సహాబాలు సందేహాలు తీర్చుకోవడానికి ఆమె దగ్గరికే వచ్చేవారు. సమాచారాన్ని నిజాయితీగా చేరవేయడం స్త్రీకి తగని పని అని మన చరిత్ర ఎక్కడా చెప్పలేదు.

చేసింది మిగిలే ఉంటుంది

ఈ రంగానికి ఉన్న ఒక ప్రత్యేకతను మరువరాదు. వంటవాడు వండింది ఆ పూటకే. వీడియో తీసినవాడు చనిపోయినా వీడియో తిరుగుతూనే ఉంటుంది. ఎవరైనా ఒక మంచి పద్ధతిని ప్రారంభిస్తే దాన్ని పాటించినవారందరి పుణ్యంలోనూ అతనికి భాగముంటుందని, చెడ్డ పద్ధతిని ప్రారంభిస్తే దాన్ని పాటించినవారందరి పాపభారంలోనూ భాగముంటుందని సహీహ్ ముస్లింలో హజ్రత్ జరీర్ (రజి) ఉల్లేఖించిన హదీసు ఉంది. మన ఊపిరి ఆగిన తర్వాత కూడా మన ఖాతాలో రాత ఆగకుండా సాగే పని ఇది. అది భయపడవలసిన మాట, ఆశపడవలసిన మాట కూడా. ఒక పల్లెలో ఒక పిల్లవాడికి వుజూ నేర్పిన వీడియో, ఒక అమాయకుడిని జైలు నుండి బయటపడేసిన వార్తా కథనం కూడా అలాగే సాగుతాయి.

ఇమామ్ గజాలీ (రహ్మ) తమ 'ఇహ్యా' గ్రంథంలో వైద్యం, గణితం వంటి లౌకిక విద్యలను, సమాజానికి తప్పనిసరైన చేతి వృత్తులను కూడా ఫర్జె కిఫాయాగా పేర్కొన్నారు. అంటే కొందరైనా వాటిని నేర్చుకోకపోతే అందరూ దోషులవుతారు. ఊళ్ళో ఒక్క ముస్లిం వైద్యుడు లేకపోయినా అందరూ ఫిఖ్హ్ వివాదాల చదువు వైపే ఎగబడుతున్నారని ఆయన తమ కాలం వారిని మందలించారు. ఒక సమాజం గురించి లోకం ఏమనుకోవాలో తెరలూ పత్రికలూ నిర్ణయిస్తున్న ఈ కాలంలో నిజాన్ని సరిచూసి చెప్పగల కొందరినైనా తయారుచేసుకోవడం ఆ కోవలోకే వస్తుందని మా అభిప్రాయం.

కాబట్టి తల్లిదండ్రులకు మా విన్నపం: పిల్లల ప్రశ్నను 'హరామ్' అన్న ఒక్క మాటతో మూసేయకండి. ఏ పని చేయాలనుకుంటున్నారో కూర్చోబెట్టి అడగండి. ఉలమా సోదరులకు మా విన్నపం: ఈ రంగంలోని పనులేమిటో తెలుసుకుని తీర్పు చెప్పండి. నిషేధం చెప్పిన తర్వాత ఇబ్నె అబ్బాస్ (రజి) చూపినట్లు ఒక చెట్టును కూడా చూపించండి. స్తోమత గలవారికి మా విన్నపం: ఆ చెట్టుకు నీళ్ళు పోయండి. ఒక విద్యార్థి ఫీజు కట్టండి, వడ్డీ అప్పు నుండి అతన్ని కాపాడండి. ఇక విద్యార్థులకు చెప్పేదొక్కటే. నోళ్ళకు ముద్ర వేయబడి చేతులు మాట్లాడే రోజు ఒకటుందని యాసీన్ సూరా తెలియజేస్తోంది. కెమెరా పట్టిన చేయి, కీబోర్డు మీద ఆడిన వేళ్ళు ఆ రోజు తాము చేసింది తామే చెబుతాయి. అవి ఏం చెప్పాలని కోరుకుంటున్నారో ఈ రోజే నిర్ణయించుకుని, ఆ తర్వాతే దరఖాస్తు ఫారం నింపండి.

అల్లాహ్ మన పిల్లలకు ప్రయోజనకరమైన విద్యను, పరిశుద్ధమైన ఉపాధిని, తన సన్నిధిలో ఆమోదం పొందే కర్మలను ప్రసాదించుగాక! సత్యాన్ని సత్యంగా చూసి అనుసరించే భాగ్యాన్ని, అసత్యాన్ని అసత్యంగా గుర్తించి దూరంగా ఉండే శక్తిని మనందరికీ అనుగ్రహించుగాక! ఆమీన్.